ఎవరూ మాట్లాడకపోయినా బిజీ: ఒక గ్రానైట్ క్వారీలో వాకీటాకీల కేసు

నేపథ్యం

ప్రకాశం జిల్లా చీమకుర్తి చుట్టుపక్కల గెలాక్సీ గ్రానైట్ తీసే క్వారీల్లో ఇదొకటి. యాజమాన్యం పేరు, పరికరాల బ్రాండ్లు ఇక్కడ అనవసరం. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. రేడియో లెక్కల జోలికి మాత్రం పోలేదు.

ఈ రాయిని పేల్చి తీయరు. పేలిస్తే బ్లాకుకు పగుళ్లు పడి ధర పోతుంది. డైమండ్ వైర్ సాతో కోసి తీస్తారు. పేలుళ్లు ఉండేది పైనున్న పనికిరాని రాతిపొరను తొలగించడానికే. కోత పని కాబట్టి గుంత గోడలు దాదాపు నిలువుగా, మెట్లు మెట్లుగా కిందికి దిగుతాయి. అడుగుకు పోతే సెల్ సిగ్నల్ ఉండదు. పైన క్రేన్ ఆపరేటర్‌కీ, కింద బ్లాకుకు రోప్ తగిలించే కుర్రాడికీ మధ్య ఉన్న ఒకే ఆధారం చేతిలోని సెట్టు, అంటే వాకీటాకీ.

ఆఫీసు మేడ మీద ఒక మాస్ట్ (యాంటెన్నా స్తంభం), దాని కింద గదిలో 25 వాట్లకు పెట్టిన యూహెచ్‌ఎఫ్ డీఎంఆర్ (ఒక డిజిటల్ రేడియో పద్ధతి) రిపీటర్, అంటే సెట్ల మాటను అందుకుని గట్టిగా తిరిగి పంపే పెట్టె. 4 వాట్ల చేతి సెట్లు నలభై. డంపర్లు, లోడర్లు, పొక్లెయిన్లలో బిగించినవి ఓ పది. డీఎంఆర్ పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ చానెల్ ఒక్కదాన్నే 30 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి రెండు టైమ్ స్లాట్లుగా వాడతారు. అంటే ఒకే ఫ్రీక్వెన్సీ జత మీద ఒకేసారి రెండు సంభాషణలు నడుస్తాయి. ఇక్కడ మొదటి స్లాట్ గుంతకు, రెండోది కాటాకు, స్టాక్‌యార్డుకు ఇచ్చారు.

వీటన్నిటి మీదా కంట్రోల్ రూములో ఒక డిస్పాచ్ సాఫ్ట్‌వేర్ ఉంది. మ్యాప్ మీద ఒక్కో సెట్టుకు ఒక్కో చుక్క. సెట్టు ఆన్‌లో ఉందా అని అడగవచ్చు. పోయిన సెట్టును దూరం నుంచే పనిచేయకుండా చేయవచ్చు. ఎదుటివాడి సెట్టులో మైకు తెరిచి చుట్టూ ఏం జరుగుతోందో వినవచ్చు. రిపీటర్ ఉష్ణోగ్రత, పవర్, యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే పవర్ కూడా చూపిస్తుంది. అమ్మినవాళ్లు డెమోలో మ్యాప్‌ను, మైకు తెరవడాన్ని బాగా చూపించారట. రిపీటర్ పేజీని మాత్రం అప్పటిదాకా ఎవరూ తెరిచిన దాఖలా లేదు.

వచ్చిన సమస్య

మేనేజర్ నుంచి ఫోనొచ్చింది. ఫిర్యాదులు మూడు. పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కితే చాలాసార్లు బిజీ టోన్ వస్తోంది, కానీ చానెల్లో ఎవరి మాటా వినపడటం లేదు. రెండోది, కింద పనిచేసే వాళ్లు సెట్లు కట్టేసుకుంటున్నారు, మ్యాప్ మీద ఎర్ర చుక్కలే ఎక్కువ. మూడోది, ఒక సెట్టు పోయింది, దాన్ని డిసేబుల్ చేద్దామంటే సాఫ్ట్‌వేర్ 'ఫెయిల్డ్' అంటోంది. ఆయన కోరిక ఒక్కటే: రిపీటర్ పవర్ పెంచండి.

గుంతలోకి దిగి మేటుతో (కూలీల జట్టు పెద్దతో) మాట్లాడితే కథ ఇంకోలా ఉంది. "మేం కట్టేయలేదు సార్. ఆన్‌లో పెట్టినా ఎర్రగానే చూపిస్తదంట. దానికి సగం పూట కోస్తున్నారు." ఎర్ర చుక్క అంటే మనిషి పనిలో లేడని లెక్కగట్టి కంట్రోల్ రూము నుంచి అకౌంట్స్‌కు రోజూ ఒక చీటీ వెళ్తోంది. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఆ కోపంతో నిజంగానే బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ చెప్పిన అబద్ధం అలా నిజమవుతోంది.

పవర్ ఎందుకు పెంచలేదు

పవర్ పెంచడం తేలిక. సాఫ్ట్‌వేర్‌లో ఒక మెనూ, ఒక క్లిక్. లైసెన్సులో రాసిన పరిమితి సంగతి ఒకటుంది, అది పక్కన పెట్టినా పెంచవద్దనే చెప్పాను.

రిపీటర్ 25 వాట్లతో అరుస్తుంది. చేతి సెట్టు 4 వాట్లతో జవాబిస్తుంది. ఈ రెంటికీ తేడా 8 డీబీ, అంటే ఆరు రెట్లకు పైనే. యాంటెన్నాలు, దారి రెండు వైపులా ఒకటే కాబట్టి, రిపీటర్ మాట సెట్టుకు చేరినంత బాగా సెట్టు మాట రిపీటర్‌కు చేరదు. గుంత అడుగున ఈ తేడాయే ప్రాణం. కిందివాడికి పైమాట స్పష్టంగా వినపడుతుంది, వాడి జవాబు పైకి రాదు. రిపీటర్‌ను 40 వాట్లు చేస్తే తేడా 10 డీబీ, అంటే పది రెట్లు అవుతుంది. కిందివాళ్లకు ఇంకా బాగా వినపడుతుంది, ఎర్ర చుక్క మాత్రం పోదు.

ఇది ఊహ కాదని చూపడానికి కాల్ లాగ్ తీశాం. ప్రతి కాల్ రిపీటర్‌కు ఎంత బలంతో చేరిందో అందులో ఉంటుంది. పైన కాటా దగ్గరి సెట్లు మైనస్ 80 డీబీఎం దరిదాపుల్లో ఉన్నాయి (మైనస్ అంకె పెద్దదయ్యే కొద్దీ సిగ్నల్ బలహీనం). అడుగు బెంచీల (గుంత గోడల్లోని మెట్ల) నుంచి వచ్చినవి మైనస్ 115 చుట్టూ ఊగుతున్నాయి. ఇలాంటి రిసీవర్లు మైనస్ 120 దగ్గర చేతులెత్తేస్తాయి. పైగా డిజిటల్‌లో పాత అనలాగ్ సెట్లలా బరబరమంటూ అయినా వినపడటం ఉండదు. కాసేపు రోబో గొంతు, తర్వాత ఏమీ లేదు.

ఎర్ర చుక్క గుట్టు ఇదే. సాఫ్ట్‌వేర్ 'ఉన్నావా' అని అడుగుతుంది, సెట్టు వింటుంది, జవాబిస్తుంది, జవాబు దారిలో పోతుంది. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది జవాబు రాలేదన్నంత వరకే. దాన్ని 'ఆఫ్‌లైన్' అని తెర మీద రాసేసరికి, చదివేవాడు 'మనిషి లేడు' అని అర్థం చేసుకున్నాడు.

మొదట చేసినవి, పనిచేయనివి

బిజీ టోన్‌కు ముందుగా అనుమానించింది జీపీఎస్‌ను. యాభై సెట్లూ నిమిషానికోసారి తమ చోటు చెప్పాలని సెట్టింగ్ ఉంది. ముందుగా పంపే సంకేతం (ప్రీయాంబుల్), రసీదు కలుపుకుంటే ఒక్కో మెసేజ్‌కు అర సెకను పైనే పడుతుంది. యాభై కలిస్తే నిమిషంలో దాదాపు సగం. అదంతా గుంత మాటలు నడిచే మొదటి స్లాట్ మీదే. మాటకు మిగిలేది తక్కిన సగం, అదీ ముక్కలు ముక్కలుగా.

గడువును ఐదు నిమిషాలకు మార్చాం. చిన్న చిన్న బిజీలు చాలావరకు పోయాయి. అయితే రాత్రి షిఫ్టులో అప్పుడప్పుడు పొడవాటి బిజీలు వస్తూనే ఉన్నాయి. వాటికి తోడు కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది: డంపర్ ఎక్కడుందో ఐదు నిమిషాల పాత చుక్క చూపిస్తుంటే ర్యాంపు మీద ఎదురెదురుగా వచ్చే బండ్లను సర్దడం కుదరలేదు.

తర్వాత జీపీఎస్ మొత్తాన్ని రెండో స్లాట్‌కు మళ్లించి చూశాం. దీన్ని డేటా రివర్ట్ అంటారు. సెట్టు తన మాట చానెల్ వదిలి రెండో స్లాట్‌కు వెళ్లి, చోటు చెప్పి తిరిగొస్తుంది. కాగితం మీద చక్కగా ఉంటుంది. కానీ సెట్టు అటు వెళ్లిన ఆ కాసేపట్లో మొదటి స్లాట్‌లో ఎవరైనా పిలిస్తే మొదటి మాట పోతుంది. మామూలు ఆఫీసులో ఇది పట్టించుకోవాల్సిన పని లేదు. క్రేన్ కింద మొదటి మాట 'ఆపు' కావచ్చు. క్రేన్ జట్టుకు ఇది పనికిరాదని అక్కడే వదిలేశాం.

ఈలోగా మేనేజర్ పట్టుబట్టి మాస్ట్ ఎత్తు పెంచారు. పైన ఊరివైపు కవరేజీ పెరిగింది. గుంత అడుగుకు తేడా నామమాత్రం. అడ్డుగా ఉన్నది గుంత అంచు, ఆఫీసు మాస్ట్ ఎంత పెరిగినా ఆ కోణం నుంచి అడుగు కనపడదు.

పొడవాటి బిజీ

జీపీఎస్ తగ్గాక మిగిలిన బిజీలే అసలు దారి చూపించాయి. సెట్లన్నిటిలో టైమ్ అవుట్ 60 సెకన్లకు పెట్టి ఉంది. పీటీటీ మీద బండరాయి పడ్డా నిమిషానికి ట్రాన్స్‌మిట్ ఆగిపోవాలి. లాగ్‌లో కనిపించిన కొన్ని బిజీలు సరిగ్గా రెండు నిమిషాలు సాగాయి. మనిషి వేలితో అది సాధ్యం కాదు. ఇరుక్కుపోయిన బటన్ అనుకోవడానికీ లేదు. యంత్రం అడిగితే యంత్రం ఇచ్చిన ట్రాన్స్‌మిషన్ అది.

సర్వర్‌లో ఆపరేటర్ల ఆదేశాల చిట్టా వేరే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి గంటలు సరిచూశాం. ప్రతి రెండు నిమిషాల బిజీకి ముందు ఒక రిమోట్ మానిటర్ ఆదేశం ఉంది. రాత్రి కంట్రోల్ రూము నుంచి ఎవరో ఒక సెట్టు మైకు తెరిచి వింటున్నారు. ఆ సెట్టు పట్టుకున్నవాడికి లైటు వెలగదు, చప్పుడు రాదు. ఆ ఆడియో అడిగినవారికే చేరుతుంది కాబట్టి మిగతావాళ్లకు మాట వినపడదు. స్లాట్ మాత్రం ఆక్రమించి ఉంటుంది. ఎవరూ మాట్లాడని బిజీ ఇది.

అడిగితే మేనేజర్ దాచలేదు. రాత్రుళ్లు డీజిల్ పోతోంది, ఎవరు తీస్తున్నారో తెలుసుకోవడానికి విన్నాం అన్నారు. డీజిల్ పోవడం నిజమే. కానీ ఆ వినికిడితో దొరికింది ఎవరి ఇంటి గొడవలో తప్ప దొంగ కాదు. గుంతలో మాత్రం సంగతి ఎప్పుడో పొక్కింది. 'సెట్టు మన మాటలు వింటది' అని తెలిశాక దాన్ని కంప్రెసర్ పక్కన పెట్టి దూరంగా కూర్చునే అలవాటు మొదలైంది. ప్రమాదం జరిగినప్పుడు పిలవాల్సిన వస్తువు ఆ సమయానికి మనిషి దగ్గర ఉండదు. నీతి సంగతి పక్కన పెట్టి లాభనష్టాలే చూసినా ఇది నష్టం బేరమని ఆయనకు చెప్పాను. డీజిల్‌కు ట్యాంకు తాళాలు, డిప్ రాడ్ (డీజిల్ మట్టం కొలిచే కడ్డీ) రిజిస్టర్, షిఫ్టు మారేటప్పుడు ఇద్దరి సంతకాలు చాలు. రేడియోకు ఆ పని అప్పగించక్కర్లేదు.

బ్లాస్టర్ సెట్టు

నన్ను కంగారు పెట్టింది ఇంకోటి. రిమోట్ మానిటర్ ఆదేశాలు వెళ్లిన సెట్ల జాబితాలో బ్లాస్టర్ (పేలుళ్లు చేసేవాడు) సెట్టు కూడా ఉంది.

అప్పటికి ఆ క్వారీలో ఎలక్ట్రిక్ డిటోనేటర్లు వాడుతున్నారు. 2025 ఏప్రిల్ నుంచి దేశంలో వాటి తయారీ, దిగుమతి, దగ్గర ఉంచుకోవడం నిషేధించారు. అప్పుడు ఆ రూలు లేదు. ఎలక్ట్రిక్ డిటోనేటర్ తీగలు రేడియో తరంగాలకు యాంటెన్నాలా పనిచేయగలవు. దగ్గర్లో ట్రాన్స్‌మిట్ చేస్తే తీగలో పుట్టే కరెంటు డిటోనేటర్‌ను పేల్చే ప్రమాదం ఉంది కాబట్టే 'రేడియోలు, ఫోన్లు ఆపండి' అనే బోర్డులు పెడతారు. ఈ బ్లాస్టర్ జాగ్రత్తపరుడే. మందు నింపేటప్పుడు పీటీటీ ముట్టుకోడు. సైరన్ సమయం వినడానికని సెట్టు ఆన్‌లో మాత్రం ఉంచుకునేవాడు.

నొక్కకపోతే సెట్టు మౌనంగా ఉంటుందని ఆయన నమ్మకం. పాత అనలాగ్ సెట్టుకు అది నిజం. ఇప్పటి సెట్టు యజమాని ప్రమేయం లేకుండానే మాట్లాడుతుంది. గడువు ప్రకారం జీపీఎస్ పంపుతుంది, ఆన్ చేయగానే రిజిస్టర్ అవుతుంది, 'ఉన్నావా' అంటే జవాబిస్తుంది, మైకు తెరవమంటే రెండు నిమిషాలు ఆపకుండా ట్రాన్స్‌మిట్ చేస్తుంది. వీటిలో ఏదీ ఆయనకు తెలియదు. చేతికి సెట్టు ఇచ్చినప్పుడు ఎవరూ చెప్పలేదు.

మిగతా పనులన్నీ ఆపి ముందు దీన్ని సరిచేశాం. ఆయన సెట్టుకు వేరే ప్రోగ్రామ్ రాసి జీపీఎస్, రిజిస్ట్రేషన్, జవాబులు, రిమోట్ మానిటర్, డిసేబుల్ ఆదేశాలన్నీ తీసేశాం. నాబ్ మీద ఒక చానెల్‌ను వినడానికి మాత్రమే పెట్టాం. అంత చేశాక కూడా మందు దగ్గర దాన్ని ఆన్‌లో ఉంచవచ్చని నేను చెప్పలేదు. ప్రోగ్రామ్‌ను రేపు ఇంకెవరో మార్చవచ్చు, నాబ్ తిరగవచ్చు. స్విచ్ ఆఫ్ చేసిన సెట్టును సురక్షిత దూరంలో నిలబడ్డ గార్డు దగ్గర ఉంచాలి, సైరన్ సంగతి గార్డు జెండాతో చెప్పాలి. సేఫ్టీ ఆఫీసర్ దీన్ని బ్లాస్టింగ్ కాగితంలో రాయించారు.

పనిచేసినవి

యాంటెన్నాను ఆఫీసు మేడ నుంచి గుంత అంచుకు మార్చడమే పెద్ద మలుపు. అక్కడి నుంచి అడుగు బెంచీలు చాలావరకు నేరుగా కనపడతాయి. లైసెన్సులో స్టేషన్ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది కాబట్టి టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్లో మార్పు కాగితాలు ముందు పెట్టించి, అనుమతి వచ్చాకే కదిలించాం. ఆలస్యమైంది, ఒత్తిడి వచ్చింది. వైర్‌లెస్ వాళ్ల తనిఖీలో పట్టుబడితే ఆగేది ఒక గుంత కాదు, మొత్తం లైసెన్సు.

ఆ ఎదురుచూపు రోజుల్లో చేసిన చిన్న మార్పు నేననుకున్న దానికంటే ఎక్కువే సాయపడింది. సెట్టును నడుముకు తగిలించుకుంటే ఒళ్లే అడ్డమై సిగ్నల్ మింగుతుంది. భుజం దగ్గర పట్టీకి మార్పించాం. అంచు బెంచీల్లో ఎర్ర చుక్కలు దాంతోనే తగ్గాయి.

జీపీఎస్‌ను చేతి సెట్లలో పూర్తిగా ఆపేశాం. నిలువు గోడల మధ్య ఉపగ్రహాలు సగం కనపడవు, కనపడిన వాటి సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది. మ్యాప్ మీద మనిషి రాతి లోపల నిలబడ్డట్టు చూపించిన రోజులున్నాయి. ఆ తప్పుడు చుక్క కోసం స్లాట్ ఖర్చు చేయడం దండగ. బండ్లలో పైకప్పు మీద యాంటెన్నా ఉంటుంది, వాటికి అర నిమిషం గడువు పెట్టి రెండో స్లాట్‌కు పంపాం. పది బండ్లు, నిమిషానికి ఇరవై మెసేజ్‌లు, రెండో స్లాట్ తట్టుకుంటుంది. రివర్ట్ వల్ల మొదటి మాట పోయే ఇబ్బంది బండ్లకు ఉన్నా, క్రేన్ జట్టుకు లేదు. ఇక్కడ నేను ఎంచుకున్న రాజీ ఇది.

రిమోట్ మానిటర్‌ను ఆపరేటర్ల లాగిన్ల నుంచి తీసేశాం. నారింజ రంగు ఎమర్జెన్సీ బటన్ నొక్కినప్పుడు ఆ సెట్టు మైకు దానంతటదే తెరుచుకునే ఏర్పాటు ఉంచాం. పడిపోయినవాడు బటన్ మీద వేలు పట్టుకోలేడు, అక్కడ మైకు తెరుచుకోవడం వాడి కోసమే. ఆదేశాల చిట్టాను వారానికోసారి సేఫ్టీ ఆఫీసర్, ఒక మేటు కలిసి చూస్తారు. మేటు ఎందుకని మేనేజర్ అడిగారు. వినడం ఆగిందని గుంతలో నమ్మేది మేటు చెబితేనే, నేను చెబితే కాదు. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు.

తెర మీద 'ఆఫ్‌లైన్' మాట తీసేసి 'చివరిసారి విన్నది' అని గంట, నిమిషం పెట్టాం. ఎరుపు రంగు ఎమర్జెన్సీకి, రిపీటర్ అలారాలకు మాత్రమే. హాజరు చీటీ ఆగిపోయింది. హాజరుకు మస్టర్ రిజిస్టర్ ఎప్పటినుంచో ఉండనే ఉంది.

పోయిన సెట్టు విషయంలో 'ఫెయిల్డ్' అంటే ఆదేశం అందలేదని కాదు, రసీదు రాలేదని. సెట్టు ఆఫ్‌లో ఉండవచ్చు, దూరంలో ఉండవచ్చు, ఆదేశం పాటించి కూడా జవాబు చేర్చలేకపోయి ఉండవచ్చు. అందుకని ఆ సెట్టు ఎప్పుడు రిజిస్టర్ అయితే అప్పుడు ఆదేశం మళ్లీ వెళ్లేలా పెట్టాం. ఒకసారి డిసేబుల్ అయిన సెట్టు ఆఫ్ చేసి ఆన్ చేసినా తేరుకోదు, మళ్లీ ఎనేబుల్ ఆదేశం రావాలి. కాబట్టి పొరపాటున క్రేన్ ఆపరేటర్ సెట్టు ఐడీ కొడితే పని మధ్యలో వాడి నోరు మూసినట్టే. ఐడీ, సీరియల్ నంబరు, పేరు రిజిస్టర్‌లో సరిచూసి ఇద్దరు ఒప్పుకుంటే తప్ప డిసేబుల్ కొట్టకూడదని రాసిపెట్టాం.

రిపీటర్ పేజీ

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక, ఎవరూ తెరవని రిపీటర్ పేజీ తన విలువ చూపించింది. యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే పవర్ క్రమంగా పెరుగుతోందని అలారం. వీఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా, కేబుల్ ఎంత సరిగా కుదిరాయో చెప్పే అంకె) 1.5 ఉంటే 4 శాతం పవర్ వెనక్కి వస్తుంది, 3కు చేరితే 25 శాతం. అది 2 దాటగానే సేఫ్టీ ఆఫీసర్ ఫోనుకు మెసేజ్ వెళ్లేలా పెట్టి ఉంచాం. మాస్ట్ ఎక్కి చూస్తే కనెక్టర్‌లోకి నీళ్లు దిగాయి, గ్రానైట్ దుమ్ముతో కలిసి పేస్టులా పట్టేసి ఉంది. కనెక్టర్ మార్చి, సీలింగ్ టేపు కొత్తగా చుట్టించి, కేబుల్ దిగే చోట నీళ్లు జారిపోయేలా వంపు పెట్టించాం. అలారం లేకపోతే రిపీటర్ తనను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటూ పోయేది, మళ్లీ 'సెట్లు కట్టేసుకుంటున్నారు' అనే మాట మొదలయ్యేది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టించుకునే వాళ్లు ఎవరైనా అడిగితే ఇప్పుడు ముందు మూడు కాగితాలు అడుగుతున్నాను. సెట్టు తనంతట తాను ఏయే సందర్భాల్లో ట్రాన్స్‌మిట్ చేస్తుందో జాబితా. ఏ ఆదేశం ఎవరి లాగిన్‌కు ఉందో పట్టిక. అడుగు బెంచీల నుంచి రిపీటర్‌కు చేరే సిగ్నల్ కొలతలు, కిందికి వచ్చేవి కాదు, పైకి వెళ్లేవి. మ్యాప్ రంగుల గురించి ఆ తర్వాత మాట్లాడుకుంటాం.

ఈ క్వారీలో తీరని సమస్య ఒకటి మిగిలింది. ఎమర్జెన్సీ బటన్ నొక్కినవాడు గుంతలో ఏ బెంచీ మీద ఉన్నాడో సాఫ్ట్‌వేర్ నేటికీ చెప్పలేకపోతోంది. ఒక్కో బెంచీ దగ్గర చిన్న బీకన్ (తన నంబరును ప్రసారం చేసే పరికరం) పెట్టి, దగ్గర్లోని బీకన్ నంబరును సెట్టు పంపేలా చేయవచ్చు, ఈ సెట్లలో ఆ వీలు లేదు. కొత్తవి కొనేదాకా అని ప్రతి బెంచీ గోడ మీద తెల్ల పెయింటుతో నంబర్లు రాయించాం. షిఫ్టు మొదట్లో ఒక్కో జట్టు తన బెంచీ నంబరు సెట్టులో పలుకుతుంది, కంట్రోల్ రూములో బోర్డు మీద సుద్దతో రాసుకుంటారు. బెంచీ మారినప్పుడల్లా మళ్లీ చెప్పాలి. మధ్యాహ్నం భోజనాల తర్వాత మారినవాళ్లు చెప్పడం మరిచిపోతుంటారు, దానికి ఇంకా మందు దొరకలేదు.